గట్టు తగాదాలో క్రిమినల్ కేసు: సెక్షన్లు ఎలా చదవాలి, మేజిస్ట్రేట్ కోర్టులో డిఫెన్స్ ఎలా పెట్టుకోవాలి

పొలంగట్టు:
పెద్దలందరికీ నమస్కారం. గట్టు దగ్గర మాటామాటా పెరిగి కొట్లాట అయింది. పక్క పొలం రైతు ఫిర్యాదు మీద మా బాబాయి కొడుకులిద్దరి పేర్లతో ఎఫ్‌ఐఆర్ కట్టారు. సెక్షన్లు 115(2), 118(1), 126(2), 352 రెడ్‌విత్ (దాంతో కలిపి) 3(5) బీఎన్‌ఎస్ (భారతీయ న్యాయ సంహిత). ఆయుధం అంటే చేతికర్ర. మావాళ్లలో ఒకరికీ తలమీద దెబ్బ ఉంది. స్టేషన్‌కి రమ్మని 35(3) నోటీసు వాట్సాప్‌లో వచ్చింది. ఊళ్లో ఒకాయన కోర్టులో ఒప్పేసుకుంటే జరిమానాతో పోతుందంటున్నారు, ఇంకొకాయన ఇప్పుడే ముందస్తు బెయిల్ వేయమంటున్నారు. వకీలుని ఇంకా పెట్టుకోలేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

నల్లకోటు:
సెక్షన్లను విడివిడిగా చదవడంతో మొదలుపెట్టండి. నాలుగూ ఒకే బరువు కాదు.

115(2) మామూలు గాయం: ఏడాది వరకు జైలు, లేదా 10,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. బెయిలబుల్. 126(2) దారి అడ్డగించడం: నెల వరకు సాధారణ జైలు, లేదా 5,000 జరిమానా. బెయిలబుల్. 352 రెచ్చగొట్టేలా అవమానించడం: రెండేళ్ల వరకు. ఇదీ బెయిలబులే. ఈ మూడూ ఫిర్యాది ఒప్పుకుంటే రాజీ పడదగినవి.

అసలు చిక్కు 118(1) దగ్గర ఉంది. ప్రమాదకరమైన ఆయుధంతో గాయం: మూడేళ్ల వరకు, లేదా 20,000 జరిమానా, లేదా రెండూ. ఇది నాన్ బెయిలబుల్, అంటే బెయిల్ ఇవ్వాలా వద్దా అన్నది కోర్టు నిర్ణయం. పైగా రాజీ పడదగిన నేరాల పట్టికలో లేదు. గరిష్ఠ శిక్ష రెండేళ్లు దాటుతుంది కాబట్టి ఈ ఒక్క సెక్షన్ వల్లే కేసు మొత్తం వారంట్ కేసు (పెద్ద నేరాలకి వాడే) పద్ధతిలో నడుస్తుంది. అది పోతే మిగిలేది సమన్స్ కేసు (చిన్న నేరాలకి వాడే పద్ధతి), దాన్ని లోక్ అదాలత్‌లో కూడా ముగించుకోవచ్చు. మీ వకీలు మొదటి రోజు నుంచీ కన్నేసి ఉంచాల్సింది దీని మీదే.

3(5) పాత ఐపీసీ 34 లాంటిది, ఉమ్మడి ఉద్దేశం. ఏ-1 (మొదటి ముద్దాయి) కర్రతో కొట్టి ఏ-2 (రెండో ముద్దాయి) పక్కన నిలబడినా ఇద్దరినీ కలిపేస్తుంది. అందుకే ఏ-2 ఏం చేశాడని ఎఫ్‌ఐఆర్‌లో రాశారో ఆ వాక్యం కింద గీత పెట్టుకోండి. ఘటన 2024 జులై 1కి ముందు జరిగి ఉంటే ఐపీసీ సెక్షన్లు రావాలి, తర్వాతదైతే బీఎన్‌ఎస్. ఆ తేదీ కూడా సరిచూడండి.

ఓరుగల్లు లా:
అన్నా, నోటీసు సంగతి నేను చెప్త. బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, క్రిమినల్ కేసులు నడిపే పద్ధతి చట్టం) 35(3) కింద నోటీసు వాట్సాప్‌ల పంపితే చెల్లదని సుప్రీంకోర్టు 2025 జనవరిలో సతేందర్ కుమార్ అంటిల్ కేసుల చెప్పింది. అట్లని దాన్ని పక్కన పడేయొద్దు. నోటీసుకు పోకపోతే అరెస్టు చెయ్యడానికి అదే కారణంగ రాస్తరు. ఎస్సై పేరు మీద కాగితం రాసి, "ఫలానా తేదీన హాజరైతున్న, నోటీసు కాపీ ఇప్పించగలరు" అని ఇచ్చి, ఇంకో ప్రతి మీద స్టేషన్ ముద్ర, తేదీ వేయించుకోండి. పోయిన ప్రతిసారీ హాజరైనట్టు రుజువు మీ చేతిల ఉండాలె. నోటీసును పాటిస్తున్నంత కాలం, ప్రత్యేక కారణాలు రాతపూర్వకంగ నమోదు చెయ్యకుండ అరెస్టు చెయ్యరాదు. 35లనే ఆ మాట ఉంది. ఏడేళ్ల లోపు శిక్ష పడే కేసులల్ల యాంత్రికంగ అరెస్టు చెయ్యొద్దని 2014ల అర్నేష్ కుమార్ తీర్పు ఉండనే ఉంది.

ఠాణాల ఖాళీ కాగితం మీద సంతకం పెట్టొద్దు, ఇది గట్టిగ పట్టుకోండి. పోలీసుల ముందు ఒప్పుకున్న మాట సాక్ష్యంగ చెల్లదు, భారతీయ సాక్ష్య అధినియమం 23 చెప్పేది అదే. కానీ "నేను చూపిస్తే కర్ర దొరికింది" అనే ముక్క మాత్రం చెల్లుతది. కన్ఫెషన్ కమ్ సీజర్ పంచనామా (ఒప్పుకోలు, స్వాధీనం కలిపి రాసే పత్రం) ఆ ముక్క కోసమే రాస్తరు. ఖాళీ కాగితం మీద సంతకం ఉంటే రేపు ఆ కర్ర ఎక్కడ దొరికిందో వాళ్లిష్టం.

ఒకవేళ అరెస్టు చేస్తే కారణాలు రాతల అడగండి. 2025ల విహాన్ కుమార్ కేసుల, కారణాలు తెలియజెప్పకుంటే ఆ అరెస్టే చెల్లదన్నరు. 24 గంటలల్ల మేజిస్ట్రేట్ ముందు పెట్టాలె, దారి ప్రయాణం మినహాయించి. విచారణప్పుడు తనకు నచ్చిన వకీలును కలిసే హక్కు బీఎన్‌ఎస్‌ఎస్ 38 ఇస్తది, కానీ విచారణ జరిగినంతసేపు పక్కన కూర్చోబెట్టుకునే హక్కు కాదది.

సీమ బిడ్డ:
118(1) నాన్ బెయిలబుల్ అంటాండారు కదా, మరి ముందస్తు బెయిల్ వేసేదే మేలు కాదా సార్? నోటీసు ఇచ్చినాక కూడా లోపలేస్తే?

నల్లకోటు:
482 బీఎన్‌ఎస్‌ఎస్ కింద సెషన్స్ కోర్టులోనో హైకోర్టులోనో వేయవచ్చు, తప్పేం లేదు. కానీ 35(3) నోటీసు ఇచ్చిన కేసుల్లో ఆ పిటిషన్లు చాలావరకు "నోటీసు పద్ధతి పాటించండి" అన్న ఆదేశంతోనే ముగుస్తాయి. ఆ ఫీజు, ఆ రెండు మూడు వారాలు పెట్టేముందు ఒక్క విషయం చూడాలి: గాయాల సర్టిఫికెట్ వచ్చిందా? ఫిర్యాదికి ఎముక విరిగినట్టు ఎక్స్‌రేలో తేలితే అది తీవ్రగాయం అవుతుంది. అప్పుడు పోలీసులు సెక్షన్ మార్పు మెమో కోర్టులో వేసి 118(2)కి మారుస్తారు. దాంట్లో ఏడాదికి తగ్గకుండా పదేళ్ల వరకు, యావజ్జీవం వరకూ కూడా ఉంది. ఆ ప్రమాదం కనిపిస్తుంటే ముందస్తు బెయిల్‌కి అర్థం ఉంది. ఫిర్యాది ఆస్పత్రిలో చేరి ఇంకా బయటికి రాకపోయినా అంతే. గీరుడు గాయాలతో అదే రోజు ఇంటికి వెళ్లిపోయి ఉంటే నోటీసుకి హాజరవడమే సరైన దారి.

ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం సెక్షన్లు చేర్చారేమో చూసుకోండి. ఆ చట్టం 18వ సెక్షన్ ముందస్తు బెయిల్‌ని అడ్డుకుంటుంది, అప్పుడు లెక్కంతా వేరు.

న్యాయసేవ:
వకీలు ఫీజు భారమైతే ఆగిపోవద్దండి. 1987 న్యాయసేవా అధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ కింద ఉచిత వకీలు దొరుకుతారు. ఎస్సీ, ఎస్టీలు, స్త్రీలు, పిల్లలు, వికలాంగులు, కస్టడీలో ఉన్నవాళ్లకి ఆదాయంతో పనిలేదు. మిగతావాళ్లకి రాష్ట్రం పెట్టిన వార్షికాదాయ పరిమితి వర్తిస్తుంది. మీ కోర్టు ఆవరణలోనే మండల న్యాయసేవా కమిటీ ఉంటుంది, జిల్లా కేంద్రంలో జిల్లా సంస్థ కార్యదర్శి ఉంటారు. 15100కి ఫోన్ చేసినా సరే. దరఖాస్తుతో ఎఫ్‌ఐఆర్ కాపీ, ఆధార్, కుల లేదా ఆదాయ ధ్రువీకరణ జత చేస్తే చాలు. 2022 నుంచి జిల్లా కేంద్రాల్లో లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సెల్ వ్యవస్థ వచ్చింది. అందులో వకీళ్లు పూర్తికాలం ముద్దాయిల కేసులే చూస్తారు. ఉచితం కదా అని తేలిగ్గా తీసుకోనక్కర్లేదు, క్రిమినల్ విచారణలో రోజూ నలిగినవాళ్లే ఉంటారు. ఆ వకీలు డబ్బు అడిగితే కార్యదర్శికి రాసివ్వండి.

సొంతంగా పెట్టుకునేవాళ్లు ఫీజుని దశలవారీగా మాట్లాడుకోండి: బెయిల్ వరకు ఎంత, చార్జి (కోర్టు అభియోగం రాయడం) వరకు ఎంత, సాక్షుల విచారణకి ఎంత అని. "గెలిపిస్తాను, గెలిస్తేనే ఫీజు" అన్న ఒప్పందం బార్ కౌన్సిల్ నియమాలకి విరుద్ధం. అలా చెప్పినవాళ్ల దగ్గరికి వెళ్లొద్దు. వకీలుని మార్చుకోవాలంటే పాతాయన దగ్గర నిరభ్యంతరం రాయించుకుని కొత్త వకాలత్ వేయాలి. ఫీజు బాకీ ఉందని ఫైలు ఆపే హక్కు వకీలుకి లేదని సుప్రీంకోర్టు 2000లోనే తేల్చింది.

పొలంగట్టు:
చాలా స్పష్టంగా చెప్పారు. ఎఫ్‌ఐఆర్ కాపీ మాకు ఫోటో మాత్రమే ఉంది. చార్జిషీటు పడిందని ఎలా తెలుస్తుంది? మొదటి వాయిదాకి ఏం తీసుకెళ్లాలి?

బెంచి గుమస్తా:
ఎఫ్‌ఐఆర్ పోలీసు వెబ్‌సైట్‌లోంచి దింపుకోవచ్చు. సున్నితమైన కేసులు తప్ప మిగతావి 24 గంటల్లో పెట్టాలని 2016లో ఆదేశం ఉంది. అక్కడ కనిపించకపోతే కోర్టులో కాపీ అప్లికేషన్ వేయండి, రెండు పనిదినాల్లో ఇవ్వాలి. చార్జిషీటు కోర్టు ఫైలుకి తీసుకున్నాక సీసీ నంబరు, 16 అక్షరాల సీఎన్‌ఆర్ నంబరు వస్తాయి. ఈ-కోర్ట్స్ యాప్‌లో సీఎన్‌ఆర్ కొడితే తర్వాతి వాయిదా, ఏ పనిమీద వేశారో కనిపిస్తుంది. సమన్లు ఇంటికి రాకముందే యాప్‌లో వాయిదా పడి ఉండొచ్చు, వారానికోసారి చూడండి.

మొదటి వాయిదాకి ఆధార్, రెండు ఫోటోలు, సంక్షేమ నిధి స్టాంపు అంటించిన వకాలత్, షూరిటీలు (జామీనుదారులు). ఒక్కో ముద్దాయికి ఇద్దరు షూరిటీలు అడగడం మామూలు. వాళ్ల ఆధార్‌తో పాటు ఇంటిపన్ను రసీదో, పాసుపుస్తకమో, జీతం ధ్రువపత్రమో కావాలి. పేర్లలో ఒక్క అక్షరం తేడా ఉన్నా బాండు తిప్పి పంపుతారు, ముందురోజే వకీలుకి చూపించండి. ఇంకెంతమందికి జామీను ఉన్నారో షూరిటీ ప్రకటనలో రాయాలి. దాచితే ఇబ్బంది వాళ్లకే. దర్యాప్తు దశలో అరెస్టు కాని ముద్దాయి సమన్లకి హాజరైతే బాండు తీసుకుని పంపడమే పద్ధతి, చార్జిషీటు వేసినంత మాత్రాన లోపలికి పంపనక్కర్లేదు.

జైల్లో ఉన్నవాళ్లకి బెయిల్ వచ్చినా షూరిటీలు దొరక్కపోతే, ఏడు రోజుల్లోపు విడుదల కాలేదని జైలు సూపరింటెండెంట్ జిల్లా న్యాయసేవా సంస్థకి తెలపాలి. ఇది 2023 జనవరి 31 నాటి సుప్రీంకోర్టు ఆదేశం. చాలామంది కుటుంబసభ్యులకి ఇది తెలియక నెలలు గడిచిపోతున్నాయి.

వాయిదాకి రాలేకపోతే ఆ ఉదయమే బీఎన్‌ఎస్‌ఎస్ 355 కింద గైర్హాజరు పిటిషన్ వేయించాలి. అది పడకపోతే ఎన్‌బీడబ్ల్యూ (నాన్ బెయిలబుల్ వారంటు) వెళ్తుంది. వెళ్లినా భయపడి దాక్కోకుండా స్వయంగా వచ్చి రీకాల్ పిటిషన్ వేస్తే మొదటిసారి మామూలుగా ఎత్తేస్తారు. రెండోసారికి కారణం చూపే కాగితం అడుగుతారు.

కృష్ణాతీరం:
"ఒప్పేసుకుంటే జరిమానాతో పోతుంది" అన్న సలహా మీద నాకు బాగా కోపం అండి, ఎందుకంటే దాని నష్టం ఐదారేళ్ల తర్వాత తెలుస్తుంది. నేరం ఒప్పుకోవడం అంటే దోషిగా తీర్పు. 500 రూపాయల జరిమానా అయినా అది శిక్షే. రేపు కానిస్టేబుల్ ఉద్యోగానికో, బ్యాంకు ఉద్యోగానికో, వీసాకో ఫారం నింపేటప్పుడు "దోషిగా తేలారా" అన్న గడిలో అవును అని రాయాలి. రాయకపోతే దాచినందుకు ఉద్యోగమే పోతుంది. మీ తమ్ముళ్ల వయసెంతో తెలియదు కానీ, చదువుకునే కుర్రాడైతే ఈ సలహా అసలు చెవిన పెట్టొద్దు.

ప్లీ బార్గెయినింగ్ (నేరం ఒప్పుకుని శిక్ష తగ్గించుకునే ఒప్పందం) అన్నా తేలేది శిక్షే, తగ్గింపు మాత్రం ఉంటుంది. చార్జి రాసిన 30 రోజుల్లోపు దరఖాస్తు చేయాలి. రాజీ వేరు: బీఎన్‌ఎస్‌ఎస్ 359 కింద రాజీ నమోదైతే నిర్దోషిగా విడుదల చేసినట్టే. ఒకవేళ విచారణ జరిగి దోషిగా తేలినా, తొలి నేరమైతే 1958 ప్రొబేషన్ చట్టం కింద మందలించో, మంచి ప్రవర్తన బాండు మీదో వదలమని అడగవచ్చు. ఆ చట్టం 12వ సెక్షన్, శిక్ష వల్ల వచ్చే అనర్హత తగలకుండా కాపాడుతుంది. శిక్ష ఖరారు వాదన రోజున ఆ సెక్షన్ పేరెత్తి అడగమని వకీలుకి గుర్తుచేయండి, అడగనిదే ఆలోచించని సందర్భాలు ఉంటాయి.

చార్జి రోజున మేజిస్ట్రేట్ గారు చదివి వినిపించి "నేరం చేశారా?" అని అడుగుతారు. "చేయలేదండి, విచారణ కోరుతున్నాను" అన్నదొక్కటే జవాబు. "కొట్టాం కానీ ముందు వాళ్లే..." అని కథ మొదలుపెట్టొద్దు.

నల్లకోటు:
ఆ చార్జి రోజు కంటే ముందే చేయాల్సిన పని ఉంది, కేసు సగం అక్కడే తేలుతుంది. ముద్దాయి హాజరైన 14 రోజుల్లోపు బీఎన్‌ఎస్‌ఎస్ 230 కింద ఎఫ్‌ఐఆర్, సాక్షుల వాంగ్మూలాలు, గాయాల సర్టిఫికెట్, పంచనామాలు అన్నీ ఉచితంగా ఇవ్వాలి. ఈ-ప్రతి ఇచ్చినా ఇచ్చినట్టే. అందిన పేజీలు లెక్కపెట్టి, చార్జిషీటు చివర ఉన్న జాబితాతో సరిచూసి, తగ్గితే అదే రోజు మెమో వేయించండి. ఆ కాగితాలు అందిన 60 రోజుల్లోపు అదే చట్టం 262 కింద డిశ్చార్జి పిటిషన్ (విచారణకి ముందే కేసు నుంచి తప్పించమని) వేయాలి. ఆ గడువు దాటించేసి తర్వాత బాధపడే కేసులే ఎక్కువ.

మీ కేసులో డిశ్చార్జి వాదన ఇలా ఉండాలి. 118(1)కి ఏ కర్ర పడితే అది సరిపోదు. పొడిచే, కోసే, కాల్చే సాధనం కావాలి, లేదా ఆయుధంగా వాడితే చావు సంభవించగలిగినదై ఉండాలి. స్వాధీన పంచనామాలో కర్ర పొడవు, మందం రాశారా? వెదురా, చింతదా, గొడ్డలి కామా? ఏమీ రాయకుండా "ఒక కర్ర" అని వదిలేస్తే అది ముద్దాయికి అనుకూలం. డాక్టరు "మొద్దు వస్తువుతో అయిన సాధారణ గాయం" అని రాసి, గాయం 2 సెంటీమీటర్ల గీరుడే అయితే, 118(1) ఏ ఆధారంతో పెట్టారని అడగవచ్చు. పూర్తి డిశ్చార్జి రాకపోయినా చార్జిని 115(2)కి పరిమితం చేయించగలిగితే పెద్ద మెట్టు దిగినట్టే.

తర్వాత తేదీలు, గంటలు. ఘటన ఎన్నింటికి, ఆస్పత్రికి ఎన్నింటికి, ఫిర్యాదు ఎన్నింటికి, ఎఫ్‌ఐఆర్ మేజిస్ట్రేట్ చేతికి ఎన్నింటికి చేరింది. చివరిది ఎఫ్‌ఐఆర్ మీద మేజిస్ట్రేట్ సంతకం పక్కన ఉంటుంది. స్టేషన్‌కీ కోర్టుకీ మధ్య అరగంట దూరమై, కాగితం మర్నాడు సాయంత్రం చేరితే, ఆ మధ్యలో పేర్లు కలిపారా అన్న ప్రశ్న వస్తుంది. ఆస్పత్రి నుంచి స్టేషన్‌కి వెళ్లిన సమాచార పత్రం తెప్పించండి. గాయపడ్డ మనిషి డాక్టరుతో మొదట చెప్పిన మాట అందులో ఉంటుంది. "ఒకరు కొట్టారు" అని అక్కడ, "ఇద్దరు కొట్టారు" అని ఫిర్యాదులో ఉంటే ఏ-2కి అదే ఆయువుపట్టు.

క్రాస్‌లో (ఎదుటిపక్షం సాక్షిని మన వకీలు ప్రశ్నించేటప్పుడు) జరిగే పెద్ద లోపం ఒకటి చెబుతాను. సాక్షి కోర్టులో కొత్త మాట చెబుతాడు. "ఈ మాట పోలీసులకి చెప్పలేదు కదా" అని వకీలు అడుగుతారు, సాక్షి "చెప్పాను" అంటాడు. అక్కడితో వదిలేస్తే ఏమీ రుజువు కాలేదు. దర్యాప్తు అధికారి బోనెక్కినప్పుడు "ఫలానా సాక్షి నా ముందు ఈ మాట చెప్పలేదు" అని ఆయన నోట రప్పించాలి. అప్పుడే ఆ లోపం తీర్పులో నిలుస్తుంది. సాక్షుల వారీగా ఇలాంటి మాటల పట్టిక రాసుకుని అధికారి వాయిదా నాటికి వకీలు చేతిలో ఉంచండి.

ఓరుగల్లు లా:
మీవాళ్లకు తలమీద దెబ్బ ఉందన్నరు కదా. దాని మీద కేసు కట్టిండ్రా? కట్టకపోతే బీఎన్‌ఎస్‌ఎస్ 173(4) కింద ఎస్పీకి రిజిస్టర్ పోస్టుల పంపండి. అక్కడ కూడా కదలకపోతే అఫిడవిట్‌తోని మేజిస్ట్రేట్ దగ్గర దరఖాస్తు వెయ్యండి. గాయం మానిపోకముందే ప్రభుత్వ దవాఖానల చూపించి ఎంఎల్‌సీ (పోలీసు కేసు కోసం డాక్టరు రాసే గాయాల రికార్డు) రాయించుకోండి, అది లేకపోతే తర్వాత ఎవ్వరూ నమ్మరు. కేసు, కౌంటర్ కేసు రెండూ ఒకే కోర్టుల, ఒక్కరే జడ్జి ముందు ఒకదాని వెంట ఒకటి నడవాలె. వేరే కోర్టులకు పోతే కలిపించమని పిటిషన్ వెయ్యండి. ముద్దాయి ఒంటి మీద గాయాన్ని ప్రాసిక్యూషన్ వివరించకపోతే వాళ్ల కథ మీద అనుమానం వస్తదని 1976 లక్ష్మీసింగ్ తీర్పు చెప్తది. చిన్న గీరుడుకు అది పనికిరాదు, తల పగిలిన గాయానికి పనికొస్తది.

ఆత్మరక్షణ అని వాదించాలంటే మొదటి సాక్షి క్రాస్ నుంచే ఆ దారిల అడగాలె. ఒక సాక్షిని "మావోళ్లు ఆడ లేనే లేరు" అని, ఇంకో సాక్షిని "మీరు కొడితేనే మావోళ్లు కొట్టిండ్రు" అని అడిగితే రెండూ పోతయ్. ఒక్క దారి ఎంచుకోండి. ఆత్మరక్షణ రుజువు భారం మనదే, అయితే సంభావ్యత చూపిస్తే చాలు.

దగ్గర్ల సీసీ కెమెరా ఉంటే రికార్డు మీద కొత్త రికార్డు ఎక్కకముందే భద్రపరచమని రాతల అడగండి. బీఎన్‌ఎస్‌ఎస్ 94 కింద కోర్టు ద్వారా తెప్పించుకోవచ్చు. సొంతంగ తీసుకున్న వీడియోకు సాక్ష్య అధినియమం 63(4) సర్టిఫికెట్ జత కావాలె.

సీమ బిడ్డ:
ఊర్లో పెద్దమనుషులు కూర్చోబెట్టి రాజీ చేస్తామంటాండారు. 118(1) రాజీకి రాదన్నారు కదా సార్, ఇప్పుడెట్ల?

నల్లకోటు:
మూడు దారులు. ఒకటి, నేను పైన చెప్పినట్టు చార్జి దశలో 118(1)ని తీయించి మిగతావి 359 కింద రాజీ చేసుకోవడం. రెండు, రెండు పక్షాలూ ప్రమాణపత్రాలతో హైకోర్టులో బీఎన్‌ఎస్‌ఎస్ 528 కింద క్వాష్ (కేసు కొట్టేయమనే) పిటిషన్ వేయడం. 2012 జియాన్ సింగ్ తీర్పు తర్వాత వ్యక్తిగత తగాదాల్లో హైకోర్టు ఇది చేయగలదు. ఫిర్యాది స్వయంగా గుర్తింపు కార్డుతో హాజరై, ఒత్తిడి లేకుండా రాజీ పడ్డానని చెప్పాల్సి ఉంటుంది. కేసు, కౌంటర్ కేసు రెండింటికీ విడివిడిగా పిటిషన్లు ఒకేసారి వేయండి, ఒకటి మిగిలిపోతే మళ్లీ గొడవే. రాజీపత్రంలో గట్టు సంగతి కూడా సర్వే నంబరుతో, కొలిచిన తేదీతో రాయించండి. మూడోది ఊళ్లల్లో చెప్పేది: సాక్షుల్ని ఎదురు తిరగమనడం. అది నేను చెప్పను. ప్రమాణం చేసి అబద్ధం చెబితే సాక్షి మీదే కేసు పెట్టే అధికారం కోర్టుకి ఉంది. అన్నేళ్ల తర్వాత ఫిర్యాది మాట మార్చినా మీ చేతిలో ఏమీ ఉండదు.

డల్లాస్ తెలుగు:
ముద్దాయిల్లో ఒకరు విదేశంలో ఉంటే? పాస్‌పోర్టు రెన్యువల్ ఆగుతుందని విన్నాను.

కృష్ణాతీరం:
కోర్టులో క్రిమినల్ కేసు పెండింగులో ఉంటే పాస్‌పోర్టు నిరాకరించే అధికారం చట్టం 6(2)(ఎఫ్)లో ఉందండి. 1993 నోటిఫికేషన్ ప్రకారం ఆ కోర్టు అనుమతి తెచ్చుకుంటే ఇస్తారు. ఉత్తర్వులో కాలపరిమితి రాయకపోతే ఏడాదికే ఇస్తారు కాబట్టి, పిటిషన్‌లోనే ఎన్నేళ్లకి కావాలో స్పష్టంగా అడగాలి. హాజరు విషయంలో బీఎన్‌ఎస్‌ఎస్ 228 కింద వకీలు ద్వారా హాజరయ్యే అనుమతి కోరవచ్చు. చార్జి రోజు, 351 విచారణ రోజు మాత్రం రమ్మనవచ్చు, టికెట్లు ఆ ప్రకారం చూసుకోవాలి.

పొలంగట్టు:
351 విచారణ అంటే సాక్షుల తర్వాత ముద్దాయిని అడిగేదేనా? అక్కడ ఏం చెప్పాలి?

నల్లకోటు:
అవును. ప్రాసిక్యూషన్ సాక్ష్యంలో ముద్దాయికి వ్యతిరేకంగా వచ్చిన ప్రతి అంశాన్నీ జడ్జి ప్రశ్నగా అడుగుతారు. ప్రమాణం ఉండదు. అన్నింటికీ "అబద్ధం" అని ఊరుకోవడం చట్టప్రకారం తప్పు కాదు కానీ, ఆత్మరక్షణ వాదం ఉన్న కేసులో అది అవకాశం వదులుకోవడమే. రాతపూర్వక వాంగ్మూలం ఇవ్వడానికి కోర్టు అనుమతించవచ్చు. వకీలుతో కూర్చుని ఒక పేజీ రాయించి, మీవాళ్ల గాయం, ఎంఎల్‌సీ నంబరు, కౌంటర్ కేసు నంబరు అందులో పెట్టండి. తర్వాత డిఫెన్స్ సాక్షులు ఉన్నారా అని అడుగుతారు. తలగాయం చూసిన డాక్టరుని పిలిపించమని అప్పుడే పిటిషన్ వేయాలి.

బెంచి గుమస్తా:
తీర్పు రోజుకి ఇద్దరు షూరిటీలని మళ్లీ తీసుకురండి. నిర్దోషులని తేలినా, పైకోర్టు పిలిస్తే హాజరవుతామని ఆరు నెలల బాండు బీఎన్‌ఎస్‌ఎస్ 481 కింద తీసుకుంటారు. శిక్ష పడితే, అది మూడేళ్ల లోపైతే, బెయిల్ మీద ఉన్న మనిషికి అప్పీలు వేసుకునేందుకు 430(3) కింద ఆ కోర్టే శిక్ష నిలిపివేసి వదలగలదు. పిటిషన్ ముందే టైపు చేయించి వకీలు ఫైల్లో ఉంచాలి, ఎందుకంటే తీర్పు సాయంత్రం నాలుగు దాటాక చెబితే రాయించే టైము ఉండదు. జైలు శిక్ష పడినవాళ్లకి తీర్పు కాపీ వెంటనే ఉచితంగా ఇవ్వాలి, సంతకం పెట్టి తీసుకోండి. సెషన్స్ కోర్టులో అప్పీలుకి గడువు 30 రోజులు.